ఏసోబు చెయ్యి నేను పట్టి చూడలేదు

పద్నాలుగేండ్లుగా నా కుడిచేతి చూపుడు వేలు నాకు బరువు. నవ్వొద్దు. వేలు ఏం బరువుంటాది అనొద్దు. సూది పట్టినా, దువ్వెన పట్టినా, బైబిల్లో పేజీ తిప్పినా అది నాకు గుర్తు చేస్తానే ఉండాది. ఆ వేలు చేయాల్సిన పని ఒకటి ఉండె. ఒక్క నిమిషం పని. చేయలేదు. చేసినానని పుస్తకంలో రాసినాను.

నువ్వెవరో నాకు తెలీదు. నేనెవరో నీకు చెప్పను. అందుకే ఈ కాగితాల మీద నోరు తెరవగలుగుతాండా. ఎరిగినోళ్ళ ముందర నాకు మాట పెగలదు, శానాసార్లు చూసుకున్నా. పాస్టరయ్య ముందర కూర్చోని, మాటను గొంతుదాకా తెచ్చుకోని, "మా నాయనకు దగ్గు తగ్గలేదయ్యా, ప్రార్థన చేయండి" అని లేచి వచ్చినాను. ఒకసారి కాదు, మూడుసార్లు. పాపం ఆయన మూడుసార్లూ దగ్గు కోసమే ప్రార్థన చేసినాడు.

నేను నర్సును. కోయిలకుంట్ల తాలూకాలో ఒక ఊరు, ఊరి బయట మిషనోళ్ళ చిన్న ఆసుపత్రి. అంతకంటే ఎక్కువ అడగొద్దు. ఒక దొరసాని డాక్టరు, ఇద్దరు నర్సులం, నీళ్ళు మోసే ఓ ముసలామె. డాక్టరమ్మ తెలుగు మా ఆడోళ్ళ దగ్గర నేర్చుకున్నది, అందుకని అచ్చం మా మాదిరే మాట్లాడుతాండె. "ఏమప్పా, యాడ నొప్పి?" అని ఆమె అడిగితే రైతులు నొప్పి మర్చిపోయి నవ్వేవాళ్ళు.

మా పక్క కాళ్ళు తెగడం రోజూ ఉండేదే. కొడవలి, గొడ్డలి, నాగటి కర్రు. తెగినచోట మట్టీ పేడా తగిలితే ధనుర్వాతం పట్టుకుంటాది. దవడ బిగుసుకుపోతాది, నడుము విల్లుమాదిరి వంగిపోతాది, మనిషి తెలివిలో ఉండంగనే సచ్చిపోతాడు. అది రాకుండా సీరం అని ఒక సూదిమందు వేస్తాంటిమి. గుర్రం నెత్తుట్లో నుంచి తీసిన మందు. ఎంతమందికో ప్రాణం పోసింది. కానీ కొందరి ఒంటికి అది పడదు. పడకపోతే నిమిషాల్లో ఊపిరి ఆగిపోతాది. ఎవరికి పడదో మొగం చూసి ఎవరు చెప్పగలరు? అందుకే ముందు పరీక్ష.

ఆ పరీక్షను డాక్టరమ్మ నాకు చెయ్యిపట్టి నేర్పింది. ముందు అడగాల. ఇంతకుముందు ఇట్లాంటి సూది వేయించుకున్నావా? ఉబ్బసం ఉండాదా? గుర్రాల దగ్గరికి పోతే తుమ్ములూ ఆయాసమూ వస్తాయా? తర్వాత ఎడమ ముంజేతి మీద, చర్మంలోకి సూది దిగీ దిగనట్ల, పలచన చేసిన సీరం ఒక్క చుక్క. కుడి ముంజేతి మీద అదే మాదిరి వట్టి ఉప్పునీళ్ళు. అరగంట కాచుకోవాల. రెండు చేతులూ పోల్చి చూడాల. ఉప్పునీళ్ళ వైపు ఏమీ లేకుండా సీరం వైపు దద్దు లేచిందంటే ఆ మనిషికి ఆ మందు వేయకూడదు.

ఇంకొక మాట కూడా చెప్పింది. అదే నన్ను తినేసిన మాట. "మా దేశంలో అయితే ఎర్రగా కందిపోతాది, వాకిట్లో నుంచి కూడా కనపడతాది. ఈడ మీవాళ్ళ ఒంటిమీద ఎరుపు కనపడదు. కండ్లతో చూసి చెప్పొద్దు. వేలితో తడిమి చెప్పు." అని నా వేలు పట్టుకోని, అప్పుడే దద్దు లేచిన ఒక ముసలాయన చేతిమీద పెట్టింది. కంటికి ఏమీ లేదు. వేలికి మాత్రం చింతగింజంత గట్టిగా తగిలింది. అబ్బా, ఎంత సంబరపడినానో. నాకేదో కొత్త కన్ను వచ్చినట్లయింది.

అంత బాగా తెలుసు నాకు. తెలీక చేసినానని చెప్పుకునే దారి కూడా లేదు.

ఇప్పుడు మా సంగతి చెప్పాల. చెప్పడానికి ఒళ్ళు కుంచించుకుపోతాండాది. మేము మాలోళ్ళం. మా తాత కాలంలోనే క్రైస్తవంలోకి వచ్చినాము. మా వీధి మాలగేరి. దానికి అవతల, వంక దాటితే మాదిగ గేరి, వాళ్ళూ క్రైస్తవులే. చర్చి ఒకటే, పాస్టరు ఒకడే, పాటల పుస్తకం ఒకటే. కానీ మేము ముందర కూర్చుంటాము, వాళ్ళు వెనక. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఎవురూ చెప్పరు. అందరికీ తెలుసు.

ప్రభువు బల్ల అంటే ఏసు పేరున అందరం ఒకే రొట్టె పంచుకోని తినేది. అది ఉండే ఆదివారం రొట్టె ఎవరు కోయాల అనేదాని మీద ఒకప్పుడు పెద్ద రచ్చ అయింది. మాదిగ గేరి నుంచి చదువుకోని టీచరయిన ఒకామె ఒక ఆదివారం రొట్టె కోస్తే, మాలగేరిలో సగం మంది లేచి బయటికి పోయినారు. మా నాయన సంఘ పెద్ద. ఆయన కూడా లేచినాడు. పాస్టరయ్య ఇల్లిల్లూ తిరిగి బతిమిలాడుకున్నాడు. ఆఖరికి తీర్మానం ఏమయ్యా అంటే, సంఘ పెద్ద కూతురు తలకు పోసుకోని రొట్టె కోస్తాది, కోసేదాకా ఎవరినీ తాకదు. ఆ కూతురు నేనే. మిగతా రోజులు ఆసుపత్రిలో అందరినీ తాకుతాంటి, మందునీళ్ళతో చేతులు కడుక్కుంటాంటి. బల్ల ఆదివారం మాత్రం డ్యూటీ లేకుండా చేసుకుంటాంటి. డాక్టరమ్మకు ఎందుకో తెలీదు. నేను చెప్పలేదు.

రెడ్డోళ్ళ వాకిట్లో మా నాయన దోసిలి పడితే వాళ్ళు పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు. పక్కనే నిలబడి చూసిన దాన్ని నేను. ఆ నీళ్ళు మోచేతుల మీదుగా కారి పంచె తడిసిపోయేది. ఇంటికొచ్చి నేను ఏడ్చినాను. అట్లా ఏడ్చిన దానికి బుద్ధి రావద్దా? వచ్చిందని అనుకుంటాంటి. పండక్కి చర్చిలో అందరమూ ఒకటే అని పద్యం చదివినదాన్ని గదా!

పద్నాలుగేండ్ల కింద ఒక బల్ల ఆదివారం రెండో నర్సుకు చలిజ్వరం. పొద్దున్నే తలకు పోసుకోని, ఉతికిన చీర కట్టుకోని, చర్చికి బయలుదేరతాంటే పిలుపొచ్చింది. ఒక గంట చూసి పోదామని పోయినాను. కానుపు రాక రెండు రోజులుగా అవస్థ పడతాండే ఒకామెను బండిలో తెచ్చినారు, డాక్టరమ్మ ఆమె దగ్గర ఉండె. వసారాలో మాదిగ గేరి ఏసోబు కూర్చోని ఉండె, పక్కన పెండ్లాం సంతోషమ్మ. సచ్చిన ఎనుము తోలు వలుస్తా, కత్తి జారి పాదం కోసుకున్నాడు. ముప్పై ఏండ్లు కూడా ఉండవు. ఆదివారం వెనక వరసలో కూర్చోని, అందరికంటే గట్టిగా పాడేవాడు. శ్రుతి ఉండదు, గొంతు మాత్రం ఉంటాది.

డాక్టరమ్మ ఒక నిమిషం బయటికొచ్చి, తనే గాయం కడిగింది, తనే ప్రశ్నలు అడిగింది. ఇంతకుముందు సూది వేయించుకున్నావా అంటే, "రెండేండ్ల కింద గొడ్డు పొడిస్తే కర్నూల్లో ఎవరో డాక్టరు వేసినాడమ్మా, ఏం మందో తెలీదు" అన్నాడు. ఆమె మొగం మారింది. ఒకసారి సీరం ఎక్కిన ఒంటికి రెండోసారి పడకపోవచ్చు, అదీ భయం. తనే రెండు చేతుల మీదా చుక్కలు వేసి, నాతో అనింది. "అరగంట. బాగా తడిమి చూడు. దద్దు లేకపోతేనే పూర్తి మందు వెయ్యి. ఉంటే నన్ను పిలువు." అని లోపలికి పోయింది.

నేను గడియారం చూసినాను. అరగంట నిఖార్సుగా కాచినాను, ఆ విషయంలో తప్పు లేదు. తప్పు లేదని ఇప్పుడు కూడా చెప్పుకుంటాండా చూడు. ఆ అరగంటలో ఏం ఆలోచిస్తాంటినో తెలుసా? పది గంటలకు చర్చి. రొట్టె మా ఇంట్లో తెల్ల గుడ్డ కింద ఉండాది. నీళ్ళు మోసే ముసలామె మాలగేరి మనిషే, వసారా చివర కుండలు తోముతా నావైపే చూస్తాండాది. ఏసోబు ఒంటిమీద ఇంకా ఆ తోలు వాసన ఉండాది. నేను ఇప్పుడు వాని చెయ్యి పట్టుకుంటే?

అరగంట అయింది. రెండు మూరల దూరంలో నిలబడి, "చేతులు చాపు" అన్నాను. చాపినాడు. నల్లని చేతులు, ఎండకు కాగిన చేతులు. వంగి చూసినాను. కంటికి ఏమీ లేదు.

"నర్సమ్మా, ఈ చెయ్యి దురద పెడతాండాది" అన్నాడు ఎడమది చూపిస్తా.

"సూది గుచ్చితే పెట్టదా మరి?"

సంతోషమ్మ అనింది, మెల్లగా, నేలవైపు చూస్తా. "అమ్మా, ఒకసారి పట్టి చూడమ్మా. డాక్టరమ్మ తడిమి చూడమనింది గదా."

"నాకు నువ్వు నేర్పిస్తావా? నాకు కనపడతాండాది లే. ఏమీ లేదు."

ఆమె ఇంకొకసారి నోరు తెరిచింది. ఏసోబు ఆమె మోకాలు తట్టి, "ఊరుకోవే, ఆయమ్మకు తెలీదా" అన్నాడు. వాడు నన్ను నమ్మినాడు. నాలుగేండ్లు చదివినదాన్ని, తెల్ల చీర కట్టినదాన్ని, నమ్మడా?

పుస్తకంలో రాసినాను. పేరు, టైము, "తడిమి చూడబడినది, దద్దు లేదు." సూదిలోకి మందు ఎక్కించుకున్నాను. వేళ్ళ మధ్య స్పిరిటు దూది పెట్టుకోని, సంతోషమ్మను కాలు పట్టుకోమని, ఒంటికి వేలు తగలకుండా తొడలో వేసినాను. ఎంత నేర్పుగా వేసినానో!

చేతులు కడుక్కోవడానికి పోయినాను. కడగడం కూడా పూర్తి కాలేదు. సంతోషమ్మ కేక.

వచ్చేసరికి పెదవులు ఉబ్బిపోయి ఉండె. మెడమీద, పొట్టమీద దద్దుర్లు, ఇప్పుడు కంటికి కూడా కనపడేంత. అరచేతులు గీరుకుంటా, ఊపిరి లాగలేక, కండ్లు పెద్దవి చేసుకోని నావైపే చూస్తాండాడు. డాక్టరమ్మ నెత్తుటి చేతులతోనే పరిగెత్తుకోని వచ్చింది. ఊపిరి నిలబెట్టే అడ్రినలిన్ సూది వేసింది, ఇంకొకటి వేసింది, రొమ్ము నొక్కింది. ఆ పాటలు పాడే గొంతులో నుంచి ఈల మాదిరి ఒక శబ్దం వచ్చి, అది కూడా ఆగిపోయింది.

"పట్టి చూసినావా?" అని అడిగింది డాక్టరమ్మ. నేలమీదే కూర్చోని ఉండాది.

"చూసినానమ్మా."

సంతోషమ్మ మొగుని పాదాలు పట్టుకోని ఉండె. తలెత్తి నన్ను చూసింది. ఒక్క మాట అనలేదు. అరిచి ఉంటే బాగుండేది. జుట్టు పట్టుకోని ఈడ్చి ఉంటే ఇంకా బాగుండేది. ఎందుకు అనలేదు? ఎవరు నమ్ముతారని? పిల్లోళ్ళిద్దరూ మిషన్ బడిలో ఉండిరి, అందుకా? నాకు తెలీదు. ఆ మౌనం నాకు పనికొచ్చింది, నేను దాన్ని వాడుకున్నాను.

డాక్టరమ్మ కానుపు గదిలోకి తిరిగి పోయింది. సంతోషమ్మను ఎవరో పక్కకు తీసుకుపోయినారు. నేనొక్కదాన్నే ఉంటి. అప్పుడు పట్టుకున్నాను ఏసోబు ఎడమ చెయ్యి. సచ్చినోని చెయ్యి. వేలు పెట్టినాను. ఉండాది. చింతగింజ కంటే పెద్దది, అంచులు ఎత్తుగా. గుడ్డివాడు కూడా చెప్పగలిగేంత. కుడిచెయ్యి తడిమినాను, నున్నగా ఉండాది.

ఆ తర్వాత నేనేం చేసినానో చెప్తే నన్ను మనిషి అనవు. ఇంటికి పోయి, మళ్ళీ తలకు పోసుకోని, చర్చికి పోయి రొట్టె కోసినాను. మాలగేరి అంతా తీసుకున్నది.

ఎందుకు పట్టుకోలేదు? భయం వల్ల అని శానా ఏండ్లు చెప్పుకున్నాను. నాయన భయం, సంఘం భయం, ఆ ముసలామె చూస్తాండాదనే భయం. అంతా నిజమే, కానీ అదంతా పైపొర. అసలుది భయం కాదు. అసహ్యం. వానిని ముట్టుకోవడం నాకు అసహ్యమయింది. రెడ్డి మా నాయన దోసిట్లోకి పైనుంచి నీళ్ళు పోసినప్పుడు వాని మొగంలో ఏముండెనో, ఆ పొద్దు నా మొగంలో అదే ఉండె. చెప్పేసినాను. ఈ ముక్క కోసమే ఇన్ని కాగితాలు.

అది ఆడితో ఆగి ఉంటే ఒక పాపమే. ఆగలేదు. నేను రాసిన అబద్ధాన్ని డాక్టరమ్మ నమ్మింది. "పరీక్షలో ఏమీ లేదు, అయినా మనిషి పోయినాడు. ఈ పరీక్ష అబద్ధం చెప్తాది" అనింది. దాన్ని తలుచుకోని తలుచుకోని నలిగిపోయింది. మరుసటి వానాకాలం ఒక రైతు పెండ్లాం వచ్చింది, పారతో కాలు తెగి. ఆమెకు కూడా ముందొకసారి ఏదో సూది పడింది. పరీక్ష చేసినాము. ఈసారి నేను తడిమినాను. ఒకసారి కాదు, పదిసార్లు. ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. "వేయొచ్చమ్మా" అన్నాను. డాక్టరమ్మ సూదిని పళ్ళెంలో పెట్టేసింది. "వద్దు. ఏసోబుకు కూడా లేదన్నావు" అనింది. మందు వేయలేదు, గాయం మాత్రం కడిగి కట్టి పంపింది. ఎనిమిదో రోజు ఆమె దవడ బిగుసుకున్నది.

అప్పుడన్నా చెప్పాల్సింది. నాలుక చివరదాకా వచ్చింది. చెప్పలేదు. యుద్ధం కాలంలో డాక్టరమ్మ తన దేశానికి పోయింది, ఆ బరువు తనదే అనుకోని పోయింది. బండి ఎక్కుతా నా తల నిమిరింది.

సంతోషమ్మ మాత్రం యాడికీ పోలేదు. తోలు పని మామకు వదిలిపెట్టి, కూలికి పోయి పిల్లోళ్ళను పెంచింది. ప్రతి ఆదివారం చర్చికి వస్తాది, వెనక వరసలో. పద్నాలుగేండ్లుగా నేను కోసిన రొట్టె ఆమె తీసుకోలేదు. పళ్ళెం వస్తాది, పక్కామెకు ఇచ్చేస్తాది. దుఃఖంలో దేవుని మీద అలిగిందని పాస్టరయ్య అనుకున్నాడు. ఆమె అలిగింది దేవుని మీద కాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

యుద్ధం ముగిసింది, ఇప్పుడు కొత్త డాక్టరు వచ్చినాడు. పోయిన నెల పనికి చేరిన ఇద్దరు ఆడపిల్లలకు పరీక్ష నేర్పమని నన్ను పెట్టినాడు. "ఈమె దగ్గర నేర్చుకోండమ్మా. వేలు పెట్టకుండా ఈమె ఎప్పుడూ రాయదు" అన్నాడు. నిజమే, ఆ పొద్దు తర్వాత ఎప్పుడూ రాయలేదు. అందులో ఒక పిల్ల, చురుకైనది, అడిగింది. "అక్కా, మీకు ఎప్పుడన్నా తప్పు పోయిందా?" లేదన్నాను. చెప్పినంక ఆ పిల్ల మొగం చూడలేకపోయినాను. నా మాట నమ్మి రేపు అది ఎవరి చెయ్యి పట్టుకోకుండా రాస్తాదో?

మొన్న ఆదివారం రొట్టె కోయనని నాయనకు చెప్పినాను. ఎందుకన్నాడు. నా చెయ్యి మంచిది కాదన్నాను. పోయి వెనక వరసలో సంతోషమ్మ పక్కన చాపమీద కూర్చున్నాను. ముందరోళ్ళంతా తిరిగి చూసినారు. చూడనీ.

"సంతోషమ్మా, ఆ పొద్దు నేను పట్టి చూడలేదు. దద్దు ఉండె. ఆయప్ప పోయినంక పట్టి చూసినాను. పుస్తకంలో అబద్ధం రాసినాను."

ఆమె పాటల పుస్తకంలో పేజీ వెతుకుతానే ఉండాది. "నేను ఆడనే ఉంటి గదమ్మా. నాకు చెప్పేదేముండాది?" అనింది. పేజీ దొరికింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకోని మళ్ళీ అనింది. "దొరసానమ్మకు చెప్పాల్సింది. చెప్పి ఉంటే ఆ ఎనక వచ్చినామె బతికి ఉండేది."

ఆమెకు అది కూడా తెలుసు. నేను ఒక సావుకు లెంపలేసుకుంటాంటే, ఆమె నాకు రెండోది గుర్తు చేసింది.

పళ్ళెం వచ్చింది. నేను కోసిన రొట్టె కాదు గదా, ఈసారి తీసుకుంటాదేమో అనుకున్నాను. తీసుకోలేదు. నాకు అందించింది. అందించేటప్పుడు తన వేళ్ళు నా వేళ్ళకు తగలకుండా, అంచు పట్టుకోని, జాగర్తగా అందించింది. నేనూ తీసుకోకుండా పక్కకు ఇచ్చినాను.

క్షమించమని నేను అడగలేదు. అడిగే మొగం లేదు. ఆమె ఇయ్యలేదు. అయినా ఆ పొద్దు ఇంటికొచ్చి అన్నం తిన్నాను, శానా కాలానికి రుచి తెలిసింది. దానికి కూడా సిగ్గేసింది.

ఈ పొద్దు మధ్యాన్నం ఆసుపత్రి బీరువాలో పాత పుస్తకం తీసినాను. చెదలు ఒక మూల తినింది కానీ ఆ పేజీ ఉండాది. నా అక్షరాలే, గుండ్రంగా, ముద్దుగా. "తడిమి చూడబడినది, దద్దు లేదు" అన్నదాన్ని కొట్టేసి, కింద "నేను చేత్తో పట్టి చూడలేదు. దద్దు ఉండినది" అని రాసి, నీకు చెప్పని నా పేరు పెట్టినాను. రేపు డాక్టరుకు చూపిస్తాను, తర్వాత ఆ ఇద్దరు పిల్లలకు. ఉద్యోగం పోతే పోనీ.

రాయడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ పొద్దు వాని చెయ్యి పట్టి చూసి ఉంటే, అంతే పట్టేది.